బ్లూ కార్డు కోసం 165 రోజులు: నా అనుభవం

నిన్న, 2025 ఆగస్టు 8న, నా బ్లూ కార్డు చేతికొచ్చింది. డిగ్రీ ఉన్న విదేశీయులు జర్మనీలో ఉద్యోగం చేసుకుంటూ ఉండటానికిచ్చే పర్మిట్ అది. దరఖాస్తు పెట్టింది ఫిబ్రవరి 24న. లెక్కపెడితే 165 రోజులు. ఈ మధ్యలో జూనియర్లు ఎంతమంది అడిగారో, "అక్కా, జర్మనీలో బ్లూ కార్డుకి ఎన్ని రోజులు పడుతోంది?" అని. మొదట్లో నేనూ కనబడిన ప్రతి ఒక్కరినీ అదే అడిగాను. ఒకరు ఆరు వారాలన్నారు. ఒకరు ఐదు నెలలన్నారు. ఒకబ్బాయికి పంతొమ్మిది రోజుల్లో వచ్చేసిందట. ఎవరూ అబద్ధం చెప్పలేదు, కానీ ఎవరి లెక్కా నాకు పనికి రాలేదు. నా ఫైలు ఆగిపోయిన చోటు వేరు, ఆగిపోయిన కారణం వేరు. కోపం చల్లారకముందే అంతా రాసి పెడుతున్నాను. చల్లారాక రాస్తే సగం వదిలేస్తానని నాకు తెలుసు.

ముందు తేలిగ్గా అయిపోయినవి చెప్పేస్తాను. 2021లో స్టూడెంట్ వీసా ఏడు వారాల్లో వచ్చింది. అప్పుడు బ్లాక్డ్ అకౌంట్‌లో, అంటే ఖర్చులకు ముందే వేసి నెలనెలా కొంతే తీసుకోగలిగే ఖాతాలో, 10,332 యూరోలు చూపిస్తే సరిపోయేది. ఇప్పుడు 11,904 కావాలి. 2022 నవంబర్ నుంచి ఏపీఎస్ సర్టిఫికెట్, అంటే మన చదువు కాగితాలు అసలైనవేనని చెప్పే పత్రం, కూడా అడుగుతున్నారు. కాబట్టి ఇప్పుడు బయల్దేరేవాళ్లు నా ఏడు వారాలను నమ్ముకోవద్దు. దిగాక రెండు వారాల్లోపు అడ్రస్ నమోదు, అంటే అన్మెల్డుంగ్, చేయించాను. చదువుకునే పర్మిట్ నాలుగు నెలలకు వచ్చింది. 2023లో మాస్టర్స్ అయిపోయాక ఉద్యోగం వెతుక్కునే పర్మిట్ ఐదు వారాల్లో ఇచ్చారు. దానికి చట్టం ఇచ్చేది 18 నెలలే. నాది 2025 మే 14తో అయిపోయింది.

మధ్యలో అమ్మానాన్నలు వచ్చి చూసి వెళ్లారు. వాళ్ల షెంగెన్ వీసా తొమ్మిది రోజుల్లో వచ్చింది. ఆ వీసాకి 15 రోజుల్లో నిర్ణయం చెప్పాలని, అవసరమైతే 45 రోజుల దాకా తీసుకోవచ్చని యూరప్ నియమాల్లోనే రాసి ఉంది. పది రోజులు చూసి వెళ్లేవాళ్లకు ఉన్న ఆ స్పష్టత ఇక్కడే చదివి, ఇక్కడే ఉద్యోగం చేసేవాళ్లకు లేదు. ఇది నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

ఉద్యోగం పదిహేనో నెలలో దొరికింది. జనవరి 20న ఆఫర్ లెటర్, ఏప్రిల్ 1న జాయినింగ్, జీతం ఏడాదికి 46,000 యూరోలు. బ్లూ కార్డుకి 2025లో మామూలు పరిమితి 48,300. కానీ డిగ్రీ అయ్యి మూడేళ్లు దాటనివాళ్లకి ఆ ఏడాది 43,759.80 చాలు. నేను ఆ లెక్కలోకి వస్తాను. తేడా ఏమిటంటే, తక్కువ పరిమితిలో వెళ్లేవాళ్లకి జర్మన్ ఉపాధి సంస్థ ఒప్పుకోలు కూడా తీసుకోవాలి. మనం తీసుకోనక్కర్లేదు, ఫారినర్స్ ఆఫీసే, అంటే ఊరూరా విదేశీయుల పర్మిట్లు చూసే ఆఫీసే, అడుగుతుంది. ఆ సంస్థ రెండు వారాల్లో ఏమీ అనకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. ఇది చదివి నేను చాలా ధైర్యపడ్డాను. రెండు వారాలే కదా అనుకున్నాను. ఆ రెండు వారాలు మొదలవ్వాలంటే ముందు నా ఫైలు ఎవరో ఒకరి టేబుల్ మీద ఉండాలని నాకు తట్టలేదు.

ఉద్యోగం వేరే ఊళ్లో. ఫిబ్రవరి రెండో వారంలో ఇల్లు మారాను, 19న కొత్త ఊళ్లో అడ్రస్ నమోదు చేయించాను, 24న ఆ ఊరి ఫారినర్స్ ఆఫీసు ఆన్‌లైన్ ఫారం నింపాను. కాంట్రాక్టు, డిగ్రీ, ఇన్సూరెన్స్, అద్దె ఒప్పందం అన్నీ జత చేశాను. రెండు నిమిషాల్లో ఒక మెయిల్ వచ్చింది. మీ దరఖాస్తు అందింది, ఎంతవరకు వచ్చిందని అడగవద్దు, అడిగితే పని ఇంకా ఆలస్యమవుతుంది అని అందులో ఉంది. నేను ఆ మాటను గౌరవించాను. రెండు నెలలు నోరు తెరవలేదు. నేను చేసిన మొదటి తప్పు అదే. మీరు చేయకండి. నాలుగు వారాలకు ఒకసారి, మర్యాదగా, మూడే మూడు వాక్యాల్లో రాయండి. అడిగితే కోప్పడతారేమో అని భయపడే అలవాటు మనకు చిన్నప్పటి నుంచీ ఉంది. ఆ అలవాటు ఇక్కడ మనకే నష్టం చేస్తుంది.

ఏప్రిల్ 1న ఉద్యోగంలో చేరాను. ఉద్యోగం వెతుక్కునే పర్మిట్ మీద పని చేయవచ్చు కాబట్టి చిక్కు లేదు. ఏప్రిల్ 22న హెచ్‌ఆర్ నుంచి మెయిల్. "మే 14 తర్వాత మీకు పని చేసే హక్కు ఉందని చూపించే కాగితం పంపగలరు." అప్పుడు టెన్షన్ మొదలైంది.

ఆ కాగితం పేరు ఫిక్షన్స్‌బెషైనిగుంగ్. మనవాళ్లు ముద్దుగా ఫిక్షన్ అంటారు. పాత పర్మిట్ అయిపోకముందే కొత్తదానికి దరఖాస్తు పెడితే, నిర్ణయం వచ్చేదాకా పాత పర్మిట్ బతికే ఉన్నట్టు చట్టం భావిస్తుంది. ఆ సంగతిని రాసిచ్చే మూడు మడతల కాగితం ఇది. ఖరీదు 13 యూరోలు. దీనికోసం నేను ఏప్రిల్ 22 నుంచి మే 9 దాకా ఐదు మెయిళ్లు రాశాను. ఒక్కదానికీ జవాబు రాలేదు. ఫోన్ చేస్తే రికార్డు చేసిన గొంతు. వారానికి రెండు గంటలే ఫోన్ ఎత్తుతారు. నేను ఆ రెండు గంటలూ ఆఫీసు మెట్ల మీద కూర్చుని వరసగా చేస్తూనే ఉన్నాను. మే 6న ఎవరో ఎత్తారు. "మీ ఫైలు పాత ఊరి నుంచి ఇంకా రాలేదు" అని పెట్టేశారు.

ఊరు మారితే ఫైలు కూడా మారుతుందని నాకు అప్పటికి సరిగ్గా తెలియదు. పాత ఊరి ఫారినర్స్ ఆఫీసులో మన పేరు మీద ఒక అట్ట ఫైలు ఉంటుంది. మనం ఊరు మారాక కొత్త ఊరు దాన్ని అడగాలి, పాత ఊరు పోస్టులో పంపాలి, అది అందాక ఎవరో దాన్ని తెరవాలి. పాత ఊరికి మెయిల్ చేశాను. మరుసటి రోజే జవాబు వచ్చింది, "మార్చి 12న పంపాం" అని. కొత్త ఊరికి అది పంపించాను. మౌనం. ఇటు పంపామంటారు, అటు రాలేదంటారు. మధ్యలో నేను. నా పాత పర్మిట్ కార్డు గడువు ఇంకో వారం.

మే 12, సోమవారం. అపాయింట్‌మెంట్ లేనివాళ్ల కోసం ఒక అత్యవసర కౌంటర్ ఉందని తెలిసి పొద్దున్న 5:40కి వెళ్లాను. మే నెలైనా చలి ఎముకల్లోకి వెళ్తోంది. నా ముందు ముప్పై ఏడు మంది ఉన్నారు. పసిపిల్లలతో వచ్చినవాళ్లు, మడత కుర్చీలు తెచ్చుకున్నవాళ్లు. గార్డు రోజుకి నలభై చీటీలే ఇస్తాడట. నాకు ముప్పై ఎనిమిదో చీటీ దొరికింది. నా వెనక మూడోవాడు పని బట్టల్లోనే వచ్చాడు. చీటీ దొరక్క వెనక్కి వెళ్లిపోతుంటే నేను అటు చూడలేకపోయాను.

నా నంబరు 10:50కి వచ్చింది. కౌంటర్ దగ్గర ఇద్దరు మహిళలు పక్కపక్కన కూర్చుని ఉన్నారు. నా వైపున్నావిడ తల ఎత్తకుండానే ఇంటిపేరు అడిగింది. చెప్పాను. టైప్ చేసింది. "ఫైలు లేదు" అంది. మార్చి 12న పంపారని పాత ఊరి మెయిల్ ప్రింటు చూపించాను. "లేదంటే లేదు." ఉద్యోగం కాంట్రాక్టు ముందు పెట్టాను, ఎల్లుండితో కార్డు అయిపోతుంది, కనీసం ఫిక్షన్ కాగితం ఇవ్వండి అన్నాను. ఆవిడ కాంట్రాక్టు చూసింది, పాస్‌పోర్టు చూసింది. రెండింట్లో నా పేరు వరస వేరుగా ఉంది. కాంట్రాక్టులో మన పద్ధతిలో ఇంటిపేరు ముందు, నా పేరు తర్వాత. పాస్‌పోర్టులో విడివిడి గళ్లలో.

"ఇందులో మీ పేరు ఏది?"

నేను జర్మన్‌లోనే వివరించడం మొదలుపెట్టాను. నాది బీ1, అంటే మధ్యస్థాయి, జర్మన్. బజారులో, ఆఫీసులో, డాక్టర్ దగ్గర నెట్టుకురాగలను. కానీ ఐదు గంటలు చలిలో నిలబడి, గుండె దడదడలాడుతుంటే మాట దొరకలేదు. ఇంటిపేరు అని చెప్పబోయి 'హౌస్‌నామె' అన్నాను. ఇల్లు, పేరు. తెలుగులో ఎలా ఉందో అలాగే వచ్చేసింది. అక్కడ వాడాల్సిన మాట 'ఫమీలియెన్‌నామె'. అది నాకు తెలుసు. నాలుగేళ్లుగా ప్రతి ఫారంలో నింపిన మాట అది.

ఆవిడ నవ్వింది. "మీ ఇంటికి పేరేంటని అడగలేదు, మీ పేరేంటని అడిగాను." తర్వాత పక్కనున్నావిడ వైపు తిరిగి, హాల్లో అందరికీ వినబడేలా, "నాలుగేళ్ల నుంచి ఇక్కడ ఉంది, తన పేరేంటో తనకే తెలియదు" అంది. ఇద్దరూ నవ్వారు. నా వెనక లైన్లో ఉన్న ఒకాయన కూడా నవ్వాడు.

నా చెవులు వేడెక్కిపోయాయి. ఇంగ్లీషులోకి మారాను. ఆవిడ చెయ్యి ఎత్తి ఆపేసింది. "ఇక్కడ అధికార భాష జర్మన్." అది నిజమే, చట్టంలో ఉంది. కానీ అప్పటిదాకా నేను మాట్లాడింది జర్మనే. ఒక్క మాట తప్పినందుకు అది లెక్కలోకి రాకుండా పోయింది. పాస్‌పోర్టు నా వైపు జరిపి తర్వాతి నంబరు పిలిచింది. మొత్తం నాలుగు నిమిషాలు.

బయటికి వచ్చి ట్రామ్ స్టాప్‌లో కూర్చున్నాను. మూడు ట్రామ్‌లు వెళ్లిపోయాయి. అమ్మ ఫోన్ చేసింది, "ఏమైందే, గొంతు అలా ఉందేంటి?" అని. జలుబు అని చెప్పాను.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఇలాంటివి చెప్పుకుంటే మనవాళ్లలోనే కొందరు, "వాళ్ల దేశం, వాళ్ల ఇష్టం, మనమే సర్దుకోవాలి" అంటారు. నేను ఒప్పుకోను. వాళ్ల దేశం కాబట్టే వాళ్ల చట్టం ప్రకారం నడవమని అడుగుతున్నాను. పర్మిట్ ఇవ్వాలా వద్దా అన్నది వాళ్ల నిర్ణయం. నన్ను చూసి నవ్వడం ఆ నిర్ణయంలో భాగం కాదు. పైగా, ఆవిడ అడిగిన ప్రశ్నలోనే నా ఫైలు ఆచూకీ ఉంది. పేరు వరస రెండు రకాలుగా ఉందని ఆవిడ కళ్లతో చూసింది. రెండో పేరుతో ఒక్కసారి టైప్ చేసి చూసి ఉంటే అర నిమిషంలో తేలిపోయేది. ఎందుకో చెప్తాను.

మే 14 అర్ధరాత్రి కార్డు గడువు అయిపోయింది. 15 పొద్దున లాగిన్ అవ్వబోతే అకౌంట్ ఆపేసి ఉంది. హెచ్‌ఆర్‌కి ఫోన్ చేశాను. అప్పటికే నేను నివాస చట్టం 81వ సెక్షన్ జర్మన్‌లోనే కూర్చుని చదివాను. నాలుగో పేరా ప్రకారం, సమయానికి దరఖాస్తు పెడితే పాత పర్మిట్ దానంతటదే కొనసాగినట్టే. కాగితం రుజువు మాత్రమే, హక్కు కాగితం వల్ల రాదు. ఆ పేరా పంపించాను. ఆయన ఓపిగ్గా విన్నారు. "మీరు చెప్పేది సరైనదే కావచ్చు. కానీ పర్మిట్ లేనివాళ్లతో పని చేయిస్తే కంపెనీకి 5,00,000 యూరోల దాకా జరిమానా. నా ఫైల్లో మీ కాగితం ఉండాలి" అన్నారు. ఆ అంకె నిజమే, నేను తర్వాత చూశాను. ఆయన మీద నాకు పెద్ద కోపం లేదు. కానీ తొమ్మిది పని దినాలు జీతం లేని సెలవు రాసుకున్నారు. పన్నుకు ముందు లెక్కలో దాదాపు 1,570 యూరోలు. 13 యూరోల కాగితం లేనందుకు పోయిన డబ్బు అది.

ఆ రోజు సాయంత్రమే ఒక లాయర్ దగ్గరికి వెళ్లాను. వెళ్లేముందు ఫీజు అడిగాను. ఇది గుర్తుపెట్టుకోండి: మొదటి సలహాకు మనలాంటి మామూలు మనుషుల దగ్గర 190 యూరోలు, పైన పన్ను, అంతకు మించి తీసుకోకూడదని వాళ్ల చట్టంలోనే ఉంది. వేరే ఒప్పందం మీద సంతకం పెట్టమంటే చదివి పెట్టండి. ఆయన రెండు సంగతులు చెప్పారు. ఒకటి, సరైన కారణం లేకుండా మూడు నెలలు నిర్ణయం చెప్పకపోతే ఆఫీసు మీద కోర్టులో దావా వేయవచ్చు, మీకు మే 24కి మూడు నెలలు నిండుతాయి. రెండు, బ్లూ కార్డుకి యూరప్ నియమం ప్రకారం 90 రోజుల గడువు ఉంది, కానీ ఆ 90 రోజులు దరఖాస్తు పూర్తిగా అందిన రోజు నుంచి మొదలవుతాయి. "ఫైలే రాలేదంటే, పూర్తిగా అందలేదని వాళ్లు వాదించవచ్చు. ముందు ఫైలు ఎక్కడుందో కనుక్కోండి" అన్నారు.

రాత్రి నిద్ర పట్టలేదు. కౌంటర్ దగ్గర ఆవిడ మాటే చెవిలో మోగుతోంది. మీ పేరు ఏది, మీ పేరు ఏది. తెల్లవారుజామున ఒక ఆలోచన వచ్చింది. లేచి పాత ఊరివాళ్లకి ఒకే ఒక్క ప్రశ్న రాశాను: "నా ఫైలుని ఏ ఇంటిపేరు కింద పంపారు?"

మే 19, సోమవారం ఉదయం జవాబు. ఇంటిపేరు అన్న చోట నా పేరు ఉంది. పేరు అన్న చోట మా ఇంటిపేరు.

అప్పుడు పాత కాగితాలన్నీ తీశాను. 2021 అక్టోబర్‌లో మొదటిసారి అడ్రస్ నమోదు చేయించినప్పుడు ఇచ్చిన కాగితంలోనే పేర్లు తారుమారయ్యాయి. అద్దె ఒప్పందంలో ఉన్న వరస చూసి అక్కడి క్లర్కు అలాగే ఎక్కించి ఉంటారు. ఆ సమాచారంతోనే ఫారినర్స్ ఆఫీసులో నా ఫైలు తెరిచారు. కార్డుల మీద మాత్రం పాస్‌పోర్టు చూసి సరిగ్గానే వేశారు, అందుకే నాకెప్పుడూ అనుమానం రాలేదు. కొత్త ఊళ్లో ఆఫీసర్లు పనిని ఇంటిపేరు మొదటి అక్షరాన్ని బట్టి పంచుకుంటారు. నా దరఖాస్తు 'వి' అక్షరం చూసేవాళ్ల దగ్గర, నా ఫైలు 'ఎస్' అక్షరం చూసేవాళ్ల దగ్గర. ఒకరికి ఫైలు లేని దరఖాస్తు, ఇంకొకరికి దరఖాస్తు లేని ఫైలు. రెండూ ఒకే భవనంలో.

ఆ సాయంత్రం ఉత్తరం రాశాను. మెయిల్ కాదు, కాగితం మీద ఉత్తరం, రిజిస్టర్డ్ పోస్టులో. ఒక పేజీయే. పైన నా పుట్టినతేదీ, పాస్‌పోర్టు నంబరు, రెండు వరసల్లోనూ నా పేరు. దరఖాస్తు పెట్టిన తేదీ, వాళ్ల ఆటోమేటిక్ మెయిల్ నకలు. ఫైలు ఏ పేరు మీద, ఏ తేదీన పంపారో చెప్పే పాత ఊరి జవాబు. 81వ సెక్షన్ ఐదో పేరా ప్రకారం ఫిక్షన్ కాగితం ఇవ్వాల్సి ఉందని ఒక వాక్యం. జీతం ఆగిపోయిందని ఒక వాక్యం. మూడు నెలలు మే 24తో నిండుతాయని ఒక వాక్యం. బెదిరింపు లేదు, బతిమాలడం లేదు. లాయర్‌కి పంపితే ఆయన ఒక్క అక్షరం కూడా దిద్దలేదు. గర్వంగా చెప్పుకుంటాను, తన పేరేంటో తనకే తెలియదనిపించుకున్న నేను, నా బీ1 జర్మన్‌తో రాసిన ఉత్తరం అది. ఇప్పటికి పదకొండు మంది దాని నకలు తీసుకుని వాడుకున్నారు. నలుగురికి పది రోజుల్లోపే జవాబొచ్చింది.

నాకు మే 22న జవాబొచ్చింది. మే 27 ఉదయం 8:15కి రమ్మన్నారు. వేరే అంతస్తు, వేరే ఆఫీసరు. లోపలికి వెళ్లగానే టేబుల్ మీద నా ఫైలు కనబడింది. పాత ఊరి ముద్ర, దాని కింద కొత్త ఊరికి అందిన ముద్ర: మార్చి 17. అంటే నేను చలిలో లైన్లో నిలబడిన రోజుకి అది ఆ భవనంలోకి వచ్చి ఎనిమిది వారాలు. నేను కింద కౌంటర్ దగ్గర నిలబడి లేదనిపించుకుంటుంటే, ఇది రెండంతస్తులపైన అరలో ఉంది. ఆ ముద్ర మీద వేలు పెట్టి చూపించాను. ఆ ఆఫీసరు చూసి, "అవును, ఇది ఇక్కడే ఉంది" అన్నారు. క్షమాపణ చెప్పలేదు. కానీ పేర్లు నన్నే పలకమని, ఒక్కో అక్షరం అడిగి, కంప్యూటర్‌లో నా కళ్ల ముందే సరిచేశారు. పావుగంటలో ఫిక్షన్ కాగితం చేతికొచ్చింది. 13 యూరోలు కార్డుతో కట్టాను. మరుసటి రోజు ఉద్యోగానికి వెళ్లాను.

ఆ కాగితం తీసుకునేటప్పుడు ఒకటి చూసుకోండి. లోపల మూడు గళ్లు ఉంటాయి. మనలా పర్మిట్ ఉండగానే దరఖాస్తు పెట్టినవాళ్లకి మూడో గడిలో, అంటే 81వ సెక్షన్ నాలుగో పేరా దగ్గర, గుర్తు పెట్టాలి. అప్పుడే పాత పర్మిట్‌లోని పని హక్కు కొనసాగుతుంది, పాత కార్డుతో కలిపి చూపిస్తే బయటికి వెళ్లి తిరిగి రావచ్చు. వేరే గడిలో పెడితే అర్థం పూర్తిగా మారిపోతుంది. కౌంటర్ దగ్గరే చూసుకోండి, ఇంటికొచ్చాక కాదు. నేను జూన్‌లో ఇంటికి వెళ్దామని టికెట్ తీసుకుని కూడా రద్దు చేసుకున్నాను. మూడో గడే అయినా, మధ్యలో దిగే ఊళ్లో విమానం వాళ్లు ఆ కాగితాన్ని గుర్తిస్తారో లేదో అన్న భయం పోలేదు. ఆ భయం అనవసరమని లాయర్ అన్నారు. నా మనసు ఒప్పుకోలేదు.

మిగతాదంతా సాఫీగా జరిగింది. ఉపాధి సంస్థకి జూన్ మొదటి వారంలో రాశారు, రెండు వారాల్లోపే ఒప్పుకోలు వచ్చింది. జూలై 3న వేలిముద్రలు. 2025 మే 1 నుంచి ఫోటో డిజిటల్‌గానే ఇవ్వాలి, అక్కడి మెషీన్‌లోనే దిగాను, అచ్చు ఫోటోలు పట్టుకెళ్లకండి. కార్డు ఏ ఊరి ఆఫీసుకైనా బెర్లిన్‌లోని ప్రభుత్వ ముద్రణ సంస్థ బుండెస్‌డ్రుకెరైలోనే తయారవుతుంది. నాకు ఐదు వారాలు పట్టింది.

జూనియర్లు తరచూ అడిగే రెండు విషయాలు. 411 యూరోలు కడితే త్వరగా అవుతుందట కదా అంటారు. అది 2020 మార్చి నుంచి ఉన్న పద్ధతి. కంపెనీ జర్మనీ బయట ఉన్న మనిషిని రప్పించుకోవడానికి పెట్టింది. ఇప్పటికే ఇక్కడున్నవాళ్లకి అది దారి కాదు. రెండోది, 300 యూరోలిస్తే అపాయింట్‌మెంట్ ఇప్పిస్తామని గ్రూపుల్లో తిరిగేవాళ్ల సంగతి. ఒకతను నాకూ చెప్పాడు. మన కష్టం మీద బతికేవాళ్లు వీళ్లు. వాళ్లకి పాస్‌పోర్టు ఫోటో కూడా పంపకండి. అపాయింట్‌మెంట్ దొరికినా, అది నా ఫైలు లేని కౌంటర్ ముందుకే తీసుకెళ్లేది.

ఊరు మారాలనుకునేవాళ్లు ఒక్క పని చేయండి. మారేముందే పాత ఊరి ఆఫీసుకి వెళ్లి, మీ ఫైలు మీద పేరు ఎలా రాసి ఉందో చూపించమనండి. కొత్త ఊళ్లో దరఖాస్తు పెట్టాక మూడు వారాలకు, ఫైలు ఎప్పుడు పంపారో, ఏ పేరు కింద పంపారో పాత ఊరిని రాతపూర్వకంగా అడగండి. అడ్రస్ నమోదు కాగితం ఇచ్చిన చోటే నిలబడి, పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని, గడి గడికీ చూసుకోండి. వెనక లైన్లో ఎవరు విసుక్కున్నా సరే. నేను 2021లో ఆ పని చేయలేదు. ఈ ఫిబ్రవరి 19న రెండోసారి అవకాశం వచ్చినా చేయలేదు.

నిన్న కార్డు తీసుకునేటప్పుడు కౌంటర్ దగ్గరే నిలబడి ఒక్కో అక్షరం చదువుకున్నాను. ఇంటిపేరు ఇంటిపేరు చోట ఉంది, పేరు పేరు చోట ఉంది. కానీ అడ్రస్ నమోదు ఆఫీసు వేరే, అక్కడి రికార్డులో ఇంకా తారుమారుగానే ఉంది. నిన్న సాయంత్రమే దాన్ని సరిచేయించడానికి అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. సెప్టెంబర్ 16న రమ్మన్నారు.